బటన్లు బాగుండాయి కదా!

టైరును కాలితో ఒక తన్ను తన్ని, వంగి చూసి, "ఇంకో ఏడాది లాగుతుందిలే" అనే మనిషి కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తన్నితే టైరు ఏం చెబుతుందప్పా? కలింగర పండా అది, తట్టి చూసి పండిందో లేదో చెప్పడానికి? పెళ్ళికి ఒక చొక్కా కొనాలంటే కోలారు అంగళ్ళన్నీ ఎక్కి దిగుతారు. ఫోను మీద గీత పడకూడదని దానికి అద్దం, అద్దానికి కవరు, కవరుకు సంచి. పెళ్ళాం బిడ్డల్ని ఎక్కించుకుని పోయే కారు మాత్రం నేలను తాకేది నాలుగు అరచేతులంత చోటే. ఆ నాలుగు అరచేతుల వయసెంతో ఒక్కడూ అడగడు.

ఈ మధ్య మా టేకల్ పక్కనుంచి డ్రైవర్లుగా చేరుతున్న పిల్లోళ్ళు వచ్చి, "అన్నా, టైరు ఎప్పుడు మార్చాల?" అని అడుగుతా ఉంటారు. అడిగేది టైరు గురించి. నాకు గుర్తొచ్చేది ఒక ముసలాయన. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు రెండు మాటలు. డ్రైవరు పని నుంచి రిటైరైనానంటే తల పండిన మనిషి అనుకునేరు. నడుములో పూస ఒకటి నాకంటే ముందే రిటైరైంది, దాని వెంట నేనూ వచ్చేసినాను. రెండోది, నేను కోతలు కోస్తానని పేరుంది. టేకల్ గుట్టల కాడ ఒక చిరతపులి నా వెనక సీట్లో ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టి గాలి పీల్చుకుంటా మాలూరు దాకా వచ్చి, దిగేటప్పుడు తలుపు కూడా వేసి పోయిందని నేను చెప్పిన మాట నిజమే. తలుపు సంగతి కొంచెం కలిపినానేమో, చిరత మాత్రం చిరతే. ఈ కథలో మాత్రం ఒక్కటే అబద్ధం ఉంది. అది యాడ వస్తుందో నేనే చెబుతాను.

వేమగల్ పక్క ఒక ఫ్యాక్టరీలో బండ్ల బాధ్యత నాది. పనివాళ్ళను తెచ్చి దింపే వ్యాన్లు, వాటితో పాటు ఒక తెల్ల కారు. ఆ కారు ఎమర్జెన్సీకి. మిషన్లో ఎవరి చెయ్యి పడినా, ఎవరికి కళ్ళు తిరిగినా కోలారు ఆసుపత్రికి ఉరకాల్సింది అదే. మిగతా రోజులన్నీ రేకుల షెడ్డు కింద నిలబడి ఉండేది. ఆ షెడ్డు కూడా ఎంత బాగుందంటే, కారుకు నీడ, టైర్లకు ఎండ!

ఆ కారును అందరికంటే ఎక్కువ వాడింది మా గేటు వాచ్‌మన్. కేజీఎఫ్ గనుల్లో పని చేసినాయన. గనులు మూసేసినాక ఎన్నో గేట్ల కాడ నిలబడి చివరకు మా గేటుకు వచ్చినాడు. గేటు పక్క గదిలోనే కాపురం, సెలవు దొరికితే కేజీఎఫ్‌లో గని పనివాళ్ళ లైన్లలో ఉన్న ఇంటికి పోయి వచ్చేవాడు. గని ఆయనకు ఇచ్చిన బహుమానం ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. ఉన్నట్టుండి ఊపిరి అందేది కాదు. పెదవులు నల్లబడేవి. అప్పుడు నేను కారు తీసేది, ఆయన్ను వెనక సీట్లో కూర్చోబెట్టేది, కోలారుకు పరుగు తీసేది. ఆక్సిజన్ పెట్టినాక కళ్ళు తెరిచి, "ఏమప్పా పులోడా, ఈపొద్దు చిరత ఎక్కలేదా?" అని మొదటి మాట నా మీదే విసిరేవాడు. నేను మామా అనేవాణ్ణి. వరస ఏమీ లేదు, ఊరికే.

కారంటే మామకు ప్రాణం. ఎందుకు ఉండదు, ఆయన ప్రాణం తిరిగేదే దాంట్లో కదా! కారు ఒళ్ళు నేను కడిగేవాణ్ణి, టైర్లు మాత్రం నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. గనిలో ఆయుధపూజ వస్తే ప్రతి మిషన్నూ తోమి, నూనె రాసి, నల్లగా మెరిపించి బొట్టు పెట్టేవాళ్ళంట. ఆ అలవాటు ఆయనకు పోలేదు. మామూలోళ్ళకు ఆయుధపూజ ఏడాదికి ఒక తూరి, ఈయనకు ప్రతి శుక్రవారం. వ్యాన్లలోంచి తీసిన వేస్ట్ ఆయిల్లో మసి కలిపి ఒక డబ్బా తయారుగా పెట్టుకునేవాడు. గుడ్డ ముంచి ఒక్కో టైరునూ రుద్దితే, నున్నగా దువ్వి కొప్పు పెట్టిన జుట్టు మాదిరి నిగనిగలాడేది. చూసిన ప్రతివాడూ, "కొత్త టైర్లా?" అని అడిగేవాడు. మామ మీసం కింద నవ్వుకునేవాడు.

నేనూ ఆ నిగనిగనే చూస్తా ఉన్నాను. ఒకసారి గాలి తగ్గిందని చక్రం విప్పి, చేతికి జారుతోందని సబ్బు నీళ్ళతో కడిగినాను. నలుపు పోయింది. కింద ఏముందో వంగి చూసినాను. టైరు పక్క భాగమంతా పగుళ్ళు, ఎండాకాలంలో చెరువు అడుగు మాదిరి. ప్రతి టైరు మీదా అది పుట్టిన వారం, సంవత్సరం నాలుగంకెల్లో అచ్చేసి ఉంటుంది. వెతికి చూస్తే, దానికి పదేళ్ళు నిండినాయి. మిగతావీ దాని తోబుట్టువులే. స్టెప్నీ అయితే వాటికి అక్క.

పోయి మేనేజర్ను పిలుచుకొచ్చినాను. బెంగుళూరు నుంచి రోజూ వచ్చి పోయే మనిషి, ఇస్త్రీ మడత నలగదు. వెనకే మా అకౌంటెంటు. ఎవరేం చెప్పినా దానికి తోక తగిలించడం ఆయనకు సరదా.

మేనేజర్ జేబులోంచి ఒక నాణెం తీసి టైరు గాట్లలో దూర్చినాడు. ఆ గాట్ల మధ్య ఎత్తుగా ఉండే దిమ్మలను మా పక్క బటన్లంటారు.

"చూడవయ్యా, నాణెం సగం మునిగిపోయింది. బటన్లు ఇంత బాగున్నాయి కదా! ఇంకేం కావాలి?"

"సార్, కారు తిరిగితే కదా బటన్లు అరిగేది! ఇది నిలబడి నిలబడి ముసలిదైపోయింది. పక్కన చూడండి. రబ్బరు చచ్చిపోయి ఉండాది."

"రబ్బరు చచ్చిపోవడమేమిటి?"

"పోస్టుమార్టం చేయిద్దామా సార్?" అన్నాడు అకౌంటెంటు.

"కంపెనీ రూలు కిలోమీటర్లకు ఉంది. అన్ని కిలోమీటర్లు తిరిగిందా ఇది?"

"తిరగలేదు సార్. కానీ ఎండకు కిలోమీటర్లు తెలియవు కదా!"

"కిలోమీటర్లు కాకుండానే ఎందుకు మార్చినారని ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం రాయమంటావు? చిరత కొరికిందని రాయాలా?"

అకౌంటెంటు పొట్ట పట్టుకుని నవ్వినాడు. చుట్టూ చేరినవాళ్ళూ నవ్వినారు. నా చిరత నా మీదికే దూకింది. మేనేజరు పోతా పోతా పెద్ద మనసు చేసుకుని ఒక పరిష్కారం కూడా చెప్పినాడు: "ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడు."

నలుగురు ముసలోళ్ళు కుర్చీలు మార్చుకుని కూర్చుంటే వయసు తగ్గుతుందా? మీరే చెప్పండి. తర్వాత కూడా నేను చెబుతూనే వచ్చినాను. ఆయన ఆ నాణెం తీసి చూపిస్తూనే వచ్చినాడు. నాకు ఆ నాణెం మీది బొమ్మ కూడా కంఠతా వచ్చేసింది.

మేనేజరు కంటే నన్ను ఎక్కువ మండించింది మామ.

"నా టైర్లకు వంకలు పెడతావేమిరా పులోడా? పసిబిడ్డ మాదిరి నూనె రాసి పెంచుతా ఉండాను."

"ఆ నూనే మామా వాటిని తినేసింది. ఇంజను తాగి ఊసేసిన నూనె అది. రబ్బరుకు విషం. పైగా నీ మసి పగుళ్ళన్నీ కప్పేస్తా ఉంది. నువ్వు మెరిపిస్తే వాళ్ళు మురుస్తా ఉండారు!"

"ఇంగ నువ్వు నాకు మిషన్ నేర్పిస్తావా? నువ్వు పుట్టకముందే నేను గని షాఫ్టులో దిగినోణ్ణి, సుమ్నె నోరు మూసుకుని ఉండు."

నాకు రోషం వచ్చింది.

"దిగినావు కదా! మరి చెప్పు. మిమ్మల్ని కిందికి దించే కేజ్‌కు ఒక రోప్ ఉంటాది కదా, ఆ ఇనప రోప్‌ను ఎప్పుడు మారుస్తా ఉండ్రి? తెగినాకా?"

"తెగినాక మార్చేదానికి ఎవడు మిగులుతాడురా?"

"అరిగినాకా?"

"అరిగేదాకా యాడ ఆగుతారు? గడువు అయితే దించేసేదే. చూసేదానికి వెండి గొలుసు మాదిరి ఉన్నా సరే. లోపల ఏముందో పైనుంచి ఎవనికి..."

మాట సగంలో ఆగిపోయింది. మామ నా మొగం చూసినాడు, కారు వైపు చూసినాడు. లేచిపోయి, సబ్బు నీళ్ళు తెచ్చుకుని, కారు కాడ గొంతుక్కూర్చుని రుద్దినాడు. శుక్రవారం శుక్రవారం తాను పూసిన నలుపునంతా తానే కడిగినాడు. పగుళ్ళ మీద వేలు పెట్టి కళ్ళు లేనివాడి మాదిరి తడిమినాడు. ఆ మసి డబ్బాను తీసుకుపోయి మోరీలో పారబోసి వచ్చి గేటు కాడ కూర్చున్నాడు.

ఇంగ అసలు రోజు. మామిడి లారీలు వరసగా పోయే ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. వ్యాన్లు రెండూ షిఫ్టు వాళ్ళను దింపడానికి పోయినాయి. గేటు తెరుస్తా తెరుస్తా మామ ఇనప కమ్మీ పట్టుకుని వంగిపోయినాడు. పరుగెత్తుకుని పోయి చూస్తే పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగినాయి. ఎదలోంచి చిల్లు పడిన తిత్తి మాదిరి శబ్దం. ఆలస్యమైతే దక్కడని చాలాసార్లు చూసిన నాకు తెలుసు. కారు తెచ్చి ఆయన ముందు ఆపి తలుపు తెరిచినాను.

మామ కమ్మీ వదల్లేదు.

"రోప్... మార్చినారా?"

"ఇప్పుడేం రోప్ మామా! ఎక్కు. మెల్లగా పోతాను."

"మార్చలేదంటే... ఎక్కను."

వేళ్ళు విడదీయబోయినాను. గనిలో రాయి పగలగొట్టిన వేళ్ళు, కదిలితే కదా! ఈలోగా మేనేజరు వచ్చినాడు.

"ఏమిటీ డ్రామా? ఎత్తి లోపల పడేయండి!"

మామ ఆయన వైపు చూడను కూడా లేదు. నన్నే చూస్తా, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి లాక్కుంటా చెప్పినాడు. "నేనొక్కణ్ణే అయితే... ఎక్కేస్తాను. నీకు... ఇద్దరు ఆడబిడ్డలురా."

ఇది చదువుతున్న పిల్లోళ్ళారా, కొంచెం ఆగి ఆలోచించండి. ఊపిరి అందక చచ్చిపోతున్న మనిషి, నడిపేవాడి బిడ్డల్ని తలుచుకున్నాడు. టై కట్టుకుని నిలబడిన మనిషి ఆడిట్‌ను తలుచుకుంటున్నాడు.

నేను రోడ్డు మీదికి ఉరికినాను. వస్తున్న టమోటా పికప్ బండికి అడ్డంగా చేతులు చాచి నిలబడినాను. డ్రైవరు తిట్టబోయి, గేటు వైపు చూసి తిట్టు మింగేసినాడు. "ఎక్కించప్పా, టమోటా యాడికీ పోదు, మార్కెట్టూ యాడికీ పోదు." అప్పుడు కమ్మీ వదిలినాడు మామ. ఇద్దరం ఎత్తబోతే, చెయ్యి చాపి పికప్ ముందు టైరు చూపించినాడు! కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. వంగి ఆ నాలుగంకెలు చూసినాను. "పోయిన ఏడాదిది మామా, నా తల్లి మీద ఒట్టు." తల ఊపి ఎక్కినాడు. నేను వెనక ట్రేల మీద పడుకుని, టమోటాలను పట్టుకుని, కోలారు దాకా దేవుళ్ళనందరినీ తిట్టుకుంటా పోయినాను.

దక్కినాడు. ఆక్సిజన్ పెట్టినారు, సూదులు వేసినారు. పెదవులకు మెల్లగా రంగు తిరిగింది. నేను చొక్కా నిండా టమోటా రసంతో మంచం పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడు వచ్చినారు మేనేజరూ అకౌంటెంటూ, అదే తెల్ల కారులో! మేనేజరే నడుపుకొచ్చినాడు. చేతిలో తాళం చెవి తిప్పుతా నా మీదికొచ్చినాడు.

"చూశావా? ఇంత దూరం నడుపుకొచ్చాను. పగిలిందా? ఏమన్నా అయిందా? ఎమర్జెన్సీ కారు పెట్టుకుని పేషెంటును టమోటా బండిలో తెస్తావా? రేపు మెమో తీసుకో."

పగిలిందా! ఈ మాట విన్నప్పుడు నాకు పట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. పగలని ప్రతి రోజూ వాళ్ళకు ఒక సాక్ష్యమే. పగిలిన రోజు మాత్రం సాక్ష్యం చెప్పేదానికి డ్రైవరు ఉండడు, ఉన్నా తప్పు వాడిదే అవుతుంది. స్పీడుగా పోయినాడంటారు. నిజం చెప్పినాను, వినలేదు. చూపించినాను, చూడలేదు. సరే, నా దగ్గర ఇంకొక పనిముట్టు ఉంది కదా! దాన్నే తీసినాను. ముందు చెప్పిన ఆ ఒక్క అబద్ధం ఇదే.

గొంతు తగ్గించి అడిగినాను. "సార్, వచ్చేటప్పుడు దారిలో ఎవరైనా లిఫ్టు అడిగినారా? నెత్తిన గని టోపీ, చేతిలో తెగిన రోప్ ముక్క?"

"లేదే. ఎవరు?"

"అయితే సరే సార్. వదిలేయండి."

"ఎవరయ్యా?"

"వద్దులే సార్, మీరు మళ్ళీ ఆ కారులోనే పోవాల."

అకౌంటెంటు దగ్గరికి జరిగినాడు. నేను మామ వైపు ఒకసారి చూసి మొదలుపెట్టినాను. ఎప్పుడో ఒక గనిలో ఒక ఆఫీసరు ఉండేవాడు. రోప్ గడువు అయిపోయిందని పనివాళ్ళు మొత్తుకుంటే, చూసేదానికి బాగుంది కదా, ఇంకా లాగుతుందిలే అన్నాడు. ఒక మిట్టమధ్యాహ్నం తానే కేజ్ ఎక్కినాడు, రోప్ తెగింది. అప్పటినుంచి ఆ వేళకు గడువు మీరిన బండి ఏది పోతున్నా ఆయన ఎక్కేస్తాడు. చెయ్యి ఎత్తి అడిగి ఎక్కితే పరవాలేదు, అడగకుండా ఎక్కితేనే కష్టం. ఎవరి మీదా పగ లేదు పాపం. లాగుతుందిలే అన్న మనిషి ఇంకొకడు తోడు దొరికితే చాలునని ఆశ.

"కనబడడు సార్. వెనక బరువుగా అనిపిస్తుంది, అంతే."

అకౌంటెంటు మొగంలో నెత్తురు లేదు. "సార్... వెనక ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఉందని మీరే కదా అన్నారు!"

"అది... రోడ్డు..." మేనేజరు తాళం చెవి తిప్పడం ఆపేసినాడు. "నీ చిరత కథలు నా దగ్గర చెప్పకు."

అప్పుడు మంచం మీద మామ కదిలినాడు. మాస్కు కొంచెం పక్కకు జరిపి, కిటికీలోంచి కింద ఆగి ఉన్న తెల్ల కారును చూసి, చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టినాడు. "ఆఫీసర్ దొరా... మీరు ఇంగా దిగలేదా?" అని మళ్ళీ మాస్కు వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగి చెప్పిన కథల్లో దేనికీ అంత మంచి ముగింపు దొరకలేదు.

తాళం చెవి నా చేతిలో పడింది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచి పోయినారు, ఆ ఎండలో, ఆ ఇస్త్రీ మడతతో. నేను కిందికి పోయి కారు చుట్టూ తిరిగి చూసినాను. వెనక టైరు లోపలి పక్క నిమ్మకాయంత బుడిపె లేచి ఉంది. వెనక లాగింది అది. ఇంకొంచెం దూరం పోయుంటే వాళ్ళకు ఆఫీసరు నిజంగానే కనబడేవాడు. చేతుల్లో స్టీరింగు వణికి చెబుతుంటే అది టైరని తెలియలేదు, దయ్యమంటే మాత్రం వెంటనే తెలిసింది! ఆ బుడిపె చూపించి ఉంటే ఏమనేవాళ్ళో తెలుసా? పగల్లేదు కదా, అనేవాళ్ళు.

మరుసటి రోజే కొత్త టైర్లు వచ్చినాయి, స్టెప్నీతో సహా. మెమో రాలేదు. దానికి బదులు నోటీసు బోర్డు మీద, మన కంపెనీకి భద్రతే ముఖ్యమని ఒక కాగితం ఎక్కింది. చదివి పళ్ళు నూరుకున్నాను. ఒక మనిషి ఊపిరికి కదలని టైర్లు, లేని దయ్యానికి పరుగెత్తుకుని వచ్చినాయి. కోతలు కోస్తానని నన్ను చూసి నవ్వినారు కదా, మరి నాకు కోతలు నేర్పించింది ఎవరు?

మీరు నన్ను అడిగినదానికి జవాబు ఇదే పిల్లోళ్ళారా. నాకు బటన్లు చూపించకండి. ఆ నాలుగంకెలు చూడండి. ఎండలో నిలబడిన కారైతే తిరిగే కారు కంటే ఎక్కువ అనుమానించండి. పక్కన పగుళ్ళు కనబడితే ఇంకెవర్నీ అడగకండి. నల్లగా మెరుస్తుంటే ముందు కడగండి.

మామ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పాత టైర్లు షెడ్డు మూల పేర్చి ఉన్నాయి. వాటి చుట్టూ అకౌంటెంటు తిరుగుతా ఉండాడు. తన బామ్మర్ది కారుకు సరిపోతాయంట! దయ్యం ఎక్కిన టైర్లు కదా స్వామీ అంటే, "పూజ చేయించి వేసుకుంటాడులే, వట్టిపుణ్యానికి వచ్చే వస్తువు" అన్నాడు. టెంపో పిలుచుకుని రావడానికి పోయినాడు.

తిరిగొచ్చేసరికి మామ ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో ఇనుము కోసే రంపం. గడువైపోయి దించిన రోప్‌ను గనిలో ముక్కలు చేసేవాళ్ళంట, ఇంకెవడూ ఇంకో దానికి కట్టుకోకుండా. ఒక టైరు పక్క భాగం కోసి, ఊపిరి తీసుకుని, ఇంకొకటి ఒళ్ళోకి లాక్కుంటున్నాడు. నేను సాయం చేయబోతే మోచేత్తో నెట్టేసినాడు. తాను మెరిపించినవి, తానే కోయాల.

అకౌంటెంటు నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో, ఎందుకు కోసేస్తివి ముసలోడా! బటన్లు ఎంత బాగుండాయి!"

మామ తల ఎత్తకుండా రంపం ఆడిస్తూనే చెప్పినాడు.

"అందుకే కోస్తా ఉండాను."